ఆకాశం చదునుగా కనబడితే ఫ్లాట్ సరైనదేనా?

టెలిస్కోపు ముందు సమానంగా వెలిగే పలకనో సంధ్యాకాశాన్నో తీసిన ఫోటోను ఫ్లాట్ ఫ్రేము అంటారు. ఆకాశపు బొమ్మను దాంతో భాగించాక మూలల్లోని చీకటి పోతుంది. ధూళి వలయాలు మాయమవుతాయి. నేపథ్యం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే బూడిద రంగులోకి వస్తుంది. క్యాలిబ్రేషన్, అంటే కెమెరా తప్పులను దిద్దే పని, అక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. బొమ్మను గోడకు తగిలించుకోవడానికైతే అయిపోయినట్టే. కానీ అందులోంచి ఒక చరనక్షత్రం వెలుగు కొలవాలన్నా, గ్రహం అడ్డొచ్చినప్పుడు తన నక్షత్రం ఒక్క శాతం మసకబారడాన్ని పట్టుకోవాలన్నా చదునైన నేపథ్యం దేనికీ సాక్ష్యం కాదు. కొన్ని టెలిస్కోపుల్లోనైతే నేపథ్యం మరీ చదునుగా వచ్చినప్పుడే అనుమానించాలి. అక్కడ నక్షత్రాల వెలుగును తప్పుదారి పట్టించేది ఆ చదునే.

క్యాలిబ్రేషన్ సరిగా ఉందో లేదో తేల్చాల్సింది నక్షత్రం, నేపథ్యం కాదు. ఒకే నక్షత్రాన్ని సెన్సార్ నడిమధ్యన పెట్టినా, మూలకు జరిపినా అన్నే ఎలక్ట్రాన్లు రావాలి. ఈ పరీక్ష చేయని ఫ్లాట్‌ను నేను ఫ్లాట్ అనను, అలంకారం అంటాను. అయితే ఆ పరీక్ష దాకా వెళ్లాలంటే కెమెరా ఇచ్చే అంకెలో ఏమేం కలిసి ఉన్నాయో ముందు తెలియాలి.

అంకెలో ఏముంది

ఫైలులో ఒక పిక్సెల్ విలువ 1,640 అని ఉందనుకోండి. అందులో కొంత ఆకాశం నుంచీ నక్షత్రం నుంచీ వచ్చిన కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్లది. కొంత, కాంతితో పనిలేకుండా వేడికే సిలికాన్‌లో పుట్టిన ఎలక్ట్రాన్లది. అంకెలు సున్నా కిందికి జారిపోకుండా ఎలక్ట్రానిక్స్ కావాలని కలిపే స్థిరసంఖ్య ఒకటి ఉంటుంది, అది బయాస్. ఇవన్నీ కూడికలు. వీటికి తోడు గుణకాలు ఉంటాయి: పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మారే సున్నితత్వం, ఫిల్టర్ మీది ధూళి నీడ, అంచుల వైపు తగ్గే వెలుగు. కలిసినదాన్ని తీసివేయాలి, గుణించినదాన్ని భాగించాలి. వినడానికి చిన్నపిల్లల లెక్కే. కానీ ఫ్లాట్ల విషయంలో పెద్ద తప్పులు దాదాపు అన్నీ ఒక కూడికను గుణకం అనుకోవడం వల్ల వచ్చేవే.

అన్నిటికంటే ముందు కొలవాల్సింది గెయిన్. ఫైలులోని ఒక అంకె, అంటే ఒక ఏడీయూ, ఎన్ని ఎలక్ట్రాన్లకు సమానం? కాంతి తెచ్చే నాయిస్, అంటే యాదృచ్ఛిక హెచ్చుతగ్గు, ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం, ఏడీయూల సంఖ్యకు కాదు. కాబట్టి గెయిన్ తెలియకుండా నాయిస్ గురించి ఏం మాట్లాడినా ఊహే. తయారీదారు ఇచ్చిన గ్రాఫు ఉంటుంది, నిజమే. పావుగంటలో సొంత కెమెరాకు సొంత అంకె వస్తుంటే దాన్ని గుడ్డిగా నమ్మాల్సిన పనేముంది?

నిలకడగా వెలిగే కాంతి ముందు ఒకే ఎక్స్‌పోజర్‌తో వెంటవెంటనే రెండు ఫ్లాట్లు తీయండి. మూత పెట్టి, అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో రెండు బయాస్ ఫ్రేములు కూడా తీయండి. మధ్యలో ధూళి వలయం లేని చోట 200×200 పిక్సెళ్ల చదరం ఎంచుకోండి. ఆ చదరంలో రెండు ఫ్లాట్ల సగటులు కూడి, రెండు బయాస్‌ల సగటులు తీసేయండి. ఇది లవం. తర్వాత ఒక ఫ్లాట్‌లోంచి రెండోది తీసేసి, ఆ తేడా ఫ్రేము ప్రామాణిక విచలనాన్ని వర్గం చేయండి. బయాస్‌లకూ అదే చేసి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. ఇది హారం. లవాన్ని హారంతో భాగిస్తే ఏడీయూకి ఎన్ని ఎలక్ట్రాన్లో తేలుతుంది.

అంకెలతో చూద్దాం. ఫ్లాట్ల సగటు చెరో 20,000, బయాస్ చెరో 1,000 అయితే లవం 38,000. ఫ్లాట్ల తేడా విచలనం 159.3 వస్తే దాని వర్గం సుమారు 25,376. బయాస్‌ల తేడా విచలనం 5.66 వస్తే వర్గం 32. హారం 25,344. గెయిన్ ఏడీయూకి 1.5 ఎలక్ట్రాన్లు. పిక్సెల్‌ను చదివేటప్పుడు ఎలక్ట్రానిక్స్ కలిపే రీడ్ నాయిస్ కూడా ఇక్కడే దొరుకుతుంది: 5.66ను రెండు వర్గమూలంతో భాగించి 1.5తో గుణిస్తే 6 ఎలక్ట్రాన్లు.

ఒక్క ఫ్లాట్ విచలనం కాకుండా రెండిటి తేడా ఎందుకంటే, పిక్సెళ్ల సున్నితత్వంలోని తేడాలు రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉండి తీసివేతలో పోతాయి. మిగిలేది కాంతి నాయిస్, రీడ్ నాయిస్ మాత్రమే. ఈ పద్ధతికి ఫోటాన్ ట్రాన్స్‌ఫర్ అని పేరు. సీసీడీలనే పాత తరం సెన్సార్లను ఖగోళశాస్త్రంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడైన జేమ్స్ జానెసిక్ జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో దీన్నే పునాదిగా పెట్టుకుని సెన్సార్లను పరీక్షించారు.

ఇందులో జారిపడే చోట్లు రెండున్నాయి. ఒకటి, తీసివేతను గుర్తులేని 16 బిట్ పూర్ణాంకాల్లో చేయడం. తేడా ఫ్రేములో సగం పిక్సెళ్లు రుణాత్మకంగా ఉండాలి. ఆ రకం ఫైలు వాటిని సున్నా చేసేస్తుంది, లేదా 65,535 వైపు తిప్పేస్తుంది. ఏదైనా విచలనం చెడిపోతుంది. ముందే 32 బిట్ దశాంశాల్లోకి మార్చుకోవాలి. రెండోది, 12 బిట్ సీమాస్ (ఇప్పటి కెమెరాల్లో ఎక్కువగా ఉండే సెన్సార్ రకం) కెమెరా అంకెలను 16తో గుణించి 16 బిట్ ఫైలులో పెట్టే సాఫ్ట్‌వేర్లు. ఫైలులోని విలువలన్నీ 16 గుణిజాలుగా ఉంటే అదే జరిగిందని అర్థం. అప్పుడు అసలు గెయిన్ 1 ఉన్న చోట లెక్కలో 0.0625 వస్తుంది. 14 బిట్ కెమెరాల్లో గుణిజం 4. కొలత చెడలేదు, ప్రమాణం మారిందంతే. ఆ సంగతి తెలియకపోతే మాత్రం తర్వాతి లెక్కలన్నీ తలకిందులవుతాయి.

గెయిన్ సెట్టింగు అంకె వేరు, గెయిన్ వేరు. చాలా సీమాస్ కెమెరాల్లో మెనూలో కనబడే 100, 139 వంటివి డెసిబెల్‌లో పదో వంతుల లెక్క. సెట్టింగు మార్చిన ప్రతిసారీ కొత్త కెమెరా కొన్నట్టే లెక్క: బయాస్ వేరు, రీడ్ నాయిస్ వేరు, పిక్సెల్ నిండే హద్దు వేరు. ఐఎంఎక్స్571 వంటి సెన్సార్లు ఒక సెట్టింగు దాటాక లోపలి సర్క్యూటునే మార్చుకుంటాయి, రీడ్ నాయిస్ అక్కడ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే రెండు సెట్టింగుల మధ్య విలువలను ఊహించి పూరించకూడదు.

బయాస్, డార్క్: ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం

బయాస్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. సీసీడీలో ఎలక్ట్రానిక్స్ వేడిని బట్టి దాని స్థాయి రాత్రంతా కొద్దికొద్దిగా కదులుతుంది. అందుకే పెద్ద కెమెరాల్లో ప్రతి ఫ్రేముకూ ఓవర్‌స్కాన్ అని కాంతి సోకని కొన్ని అదనపు నిలువు వరుసలు చదివి, ఆ స్థాయిని ఆ ఫ్రేములోంచే తీసేస్తారు. సీమాస్‌లో చూసుకోవాల్సింది ఆఫ్‌సెట్, అంటే బయాస్ స్థాయిని నిర్ణయించే సెట్టింగు. అది మరీ తక్కువ పెడితే బయాస్ హిస్టోగ్రామ్ ఎడమ కొస సున్నా దగ్గర తెగిపోతుంది. తెగిన హిస్టోగ్రామ్ సగటు ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తుంది, విచలనం తక్కువ చూపిస్తుంది, ఆ తప్పును తర్వాత ఏ లెక్కా సరిచేయలేదు. బయాస్ ఫ్రేములో ఒక్క పిక్సెల్ కూడా సున్నా చూపకుండా ఆఫ్‌సెట్ పెంచండి.

డార్క్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. మూత పెట్టి, ఆకాశపు ఫ్రేముకు పెట్టినంత ఎక్స్‌పోజర్‌తోనే తీసే ఫ్రేము డార్క్. దాన్ని తీయడం ఒక ఆచారంగా మారింది. తీస్తే లాభమా నష్టమా అన్నది లెక్కతో తేలే విషయం.

ఒక ఆధునిక కెమెరాలో డార్క్ కరెంటు సెకనుకు 0.001 ఎలక్ట్రాన్, రీడ్ నాయిస్ 1.5 ఎలక్ట్రాన్లు అనుకుందాం. 300 సెకన్ల డార్క్‌లో వేడికి పుట్టేది సగటున 0.3 ఎలక్ట్రాన్. దాని నాయిస్‌నూ రీడ్ నాయిస్‌నూ కలిపితే ఒక్కో డార్క్‌లో 1.6 ఎలక్ట్రాన్ల నాయిస్. పది డార్కులు సగటు తీస్తే మాస్టర్ డార్క్‌లో 0.5 మిగులుతుంది. చిన్నదే అనిపిస్తుంది. కానీ అదే మాస్టర్‌ను 100 లైట్ ఫ్రేముల్లోంచి, అంటే ఆకాశాన్ని తీసిన ఫ్రేముల్లోంచి, తీసేస్తున్నాం. ఫ్రేముకు ఆకాశం 100 ఎలక్ట్రాన్లు తెస్తే దాని నాయిస్ 10. వంద ఫ్రేములు కలిపాక అది 1కి తగ్గుతుంది. మాస్టర్ డార్క్ నాయిస్ మాత్రం 0.5 దగ్గరే నిలబడిపోతుంది, ఎందుకంటే అన్ని ఫ్రేముల్లోంచీ తీసేసింది అచ్చంగా ఒకే తప్పు. రెండూ కలిస్తే 1.12. ఆకాశం పెట్టిన హద్దు కంటే 12 శాతం ఎక్కువ నాయిస్‌ను మనమే చేతులారా కలిపామన్నమాట.

దీనికి విరుగుడు రెండు. డార్కుల సంఖ్య 50 నుంచి 100 దాకా పెంచడం ఒకటి. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య టెలిస్కోపును పది పదిహేను పిక్సెళ్లు యాదృచ్ఛికంగా జరపడం, అంటే డిథర్ చేయడం ఇంకొకటి. డిథర్ చేస్తే నక్షత్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు మాస్టర్‌లోని తప్పు వేర్వేరు చోట్ల పడి, అది కూడా సగటులో కరిగిపోతుంది. ఒక్కటే చేయగలిగితే నా ఓటు డిథర్‌కే. సీమాస్‌లో కొన్ని పిక్సెళ్లు రెండు స్థాయుల మధ్య తమ ఇష్టం వచ్చినట్టు గెంతుతుంటాయి. ఎన్ని డార్కులు తీసినా వాటిని పట్టలేరు, డిథర్ చేసి విపరీత విలువలను ఏరివేయడమే మార్గం.

డార్క్ ఉష్ణోగ్రత లైట్ ఫ్రేముదే అయి ఉండాలి. సిలికాన్‌లో డార్క్ కరెంటు దాదాపు ప్రతి 6 డిగ్రీలకూ రెట్టింపవుతుంది. 0.1 డిగ్రీ తేడాకు సుమారు 1.2 శాతం మార్పు వస్తుంది. మామూలు పిక్సెల్‌లో ఇది కనబడదు గానీ, ఫ్రేముకు 5,000 ఎలక్ట్రాన్లు పుట్టించే హాట్ పిక్సెల్‌లో 60 ఎలక్ట్రాన్ల అవశేషం మిగులుతుంది. వేరే ఎక్స్‌పోజర్ డార్క్‌ను కాలంతో గుణించి వాడుకోవడం సీసీడీల్లో చెల్లుతుంది, అదీ బయాస్ ముందే తీసేస్తేనే. సెన్సార్ అంచుల్లో యాంప్ గ్లో, అంటే సర్క్యూట్ల సొంత వెలుగు, ఉన్న సీమాస్ కెమెరాల్లో చెల్లదు. ఆ వెలుగు కాలంతో నేరుగా పెరగదు. అలాంటి కెమెరాకు ఎక్స్‌పోజర్, గెయిన్, ఉష్ణోగ్రత మూడూ సరిపోయిన డార్కే వాడాలి.

ఇంకో చిన్న సంగతి, కానీ చాలా డార్కులను పాడుచేసేది. ఈ కెమెరాల్లో షట్టర్ ఉండదు, ప్లాస్టిక్ మూతతో మూస్తారు. కంటికి నల్లగా కనబడే ప్లాస్టిక్ గుండా ఇన్‌ఫ్రారెడ్ దూసుకొస్తుంది, సిలికాన్ దాన్ని చూడగలదు. పగటిపూట గదిలో తీసిన డార్క్ సగటు, అదే రోజు చీకట్లో తీసిన డార్క్ సగటు పోల్చండి. తేడా ఉంటే లోహపు మూత పెట్టండి, లేదా అల్యూమినియం రేకు చుట్టండి.

ఫ్లాట్ ఎంత మంచిదై ఉండాలి

ఒక ఫ్లాట్ ఫ్రేములో పిక్సెల్‌కు 25,000 ఎలక్ట్రాన్లు పడితే నాయిస్ 158, అంటే 0.63 శాతం. అలాంటివి 25 కలిపితే 0.13 శాతం. పిక్సెల్‌కు మొత్తం పది లక్షల ఎలక్ట్రాన్లు చేరితే 0.1 శాతానికి వస్తాం. నక్షత్రం పదుల పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది కాబట్టి ఈ నాయిస్ ఇంకా తగ్గుతుంది. ఆ తర్వాత ఇంకో వంద ఫ్లాట్లు తీయడం వృథా. అప్పటికే ఫ్లాట్‌లోని వ్యవస్థాగత తప్పు దానికి పదింతలు ఉంటుంది, వందల ఫ్రేములతో దాన్ని తగ్గించలేం.

స్థాయి విషయంలో, సెన్సార్ నేరుగా స్పందించే హద్దులో మూడో వంతు నుంచి సగం దాకా చాలు. ఆ హద్దు ఎక్కడుందో ముందు కొలవాలి. ఒకే దీపం ముందు 1, 2, 4, 8, 16, 32 సెకన్ల ఫ్రేములు తీయండి. ప్రతి రెండు ఫ్రేముల మధ్యలో మళ్లీ ఒక 8 సెకన్ల ఫ్రేము చొప్పించండి, దీపం తగ్గుతోందో పెరుగుతోందో అది చెబుతుంది. సెకనుకు ఎన్ని అంకెలో లెక్కగట్టి గీత గీస్తే అది అడ్డంగా ఉండాలి. కుడి కొసన వంగితే పిక్సెల్ నిండుతోందని అర్థం. ఎడమ కొసన వంగితే నేరం సెన్సార్‌ది కాకపోవచ్చు, షట్టర్‌ది. కంటిపాపలా తెరుచుకునే షట్టర్ మధ్య భాగాన్ని ముందు తెరిచి చివర మూస్తుంది. మధ్యకు 20 మిల్లీసెకన్లు ఎక్కువ కాంతి పడిందంటే, ఒక సెకను ఫ్లాట్‌లో 2 శాతం తప్పు. పది సెకన్ల ఫ్లాట్‌లో అదే తప్పు 0.2 శాతం. షట్టర్ ఉన్న కెమెరాతో పది సెకన్లకు తగ్గిన ఫ్లాట్ తీయకపోవడం మంచిది.

షట్టర్ లేని సీమాస్‌కు వేరే చిక్కు. ఎల్‌ఈడీ పలక వెలుగును తగ్గిస్తే చాలా పలకలు నిజంగా మసకబారవు, వేగంగా ఆరిపోతూ వెలుగుతూ ఉంటాయి. సెన్సార్ వరుస తర్వాత వరుస చదువుతుంది కాబట్టి ఫ్లాట్‌లో అడ్డ చారలు పడతాయి. పలకను పూర్తి వెలుగులో పెట్టి, ముందు తెల్లకాగితాలు పేర్చి కాంతి తగ్గించండి, ఎక్స్‌పోజర్ రెండు మూడు సెకన్లు దాటించండి.

సంధ్యాకాశపు ఫ్లాట్లకు పలక అక్కర్లేదు, ఓపిక కావాలి. వెలుగు నిమిషనిమిషానికీ పడిపోతుంది, సాయంత్రమైతే ప్రతి ఫ్రేముకూ ఎక్స్‌పోజర్ పెంచుకుంటూ పోవాలి. నడినెత్తిన, సూర్యుడికి ఎదురు దిక్కుకు కాస్త వంచి చూస్తే ఆకాశపు వెలుగు వాలు అతి తక్కువ. ఫ్రేముకూ ఫ్రేముకూ టెలిస్కోపును కొన్ని ఆర్క్ నిమిషాలు జరపండి. కలిపేముందు ప్రతి ఫ్రేమునూ దాని సొంత సగటుతో భాగించండి, ఆ తర్వాతే మధ్యగతం తీయండి. ఈ భాగహారం మరిస్తే మధ్యగతం నక్షత్రాలను ఏరివేయదు, వెలుగులో మధ్యస్థంగా ఉన్న ఒకటి రెండు ఫ్రేములనే ఎంచుకుంటుంది, ఆ ఫ్రేముల్లోని నక్షత్రాలు మాస్టర్ ఫ్లాట్‌లో నల్ల గుంటలకు మూలమవుతాయి.

ఇప్పుడు ఆ కూడిక, గుణకం సంగతి. మధ్యలో 20,000, మూలలో 10,000 కాంతి ఉన్న ఫ్లాట్‌లోంచి 500 బయాస్ తీయడం మరిచామనుకోండి. నిష్పత్తి 0.5 కావాల్సింది 10,500ను 20,500తో భాగించి 0.512 అవుతుంది. మూలలోని ప్రతి నక్షత్రం 2.4 శాతం తక్కువ వెలుగుతో బయటపడుతుంది. ఇక్కడ కనీసం నేపథ్యం కూడా వంకర పోతుంది కాబట్టి దొరికిపోతాం. దొరకని తప్పు వేరే ఉంది.

ధూళి వలయాలు గొప్ప గూఢచారులు. వలయం వ్యాసాన్ని పిక్సెళ్లలో కొలిచి, పిక్సెల్ పరిమాణంతోనూ ఎఫ్ అంకెతోనూ (టెలిస్కోపు ఫోకల్ దూరాన్ని దాని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) గుణిస్తే ఆ ధూళి సెన్సార్‌కు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. 3.76 మైక్రాన్ల పిక్సెళ్లతో, ఎఫ్/7 దగ్గర 120 పిక్సెళ్ల వలయం అంటే సుమారు 3.2 మి.మీ., సెన్సార్ ముందున్న గాజు మీద. 760 పిక్సెళ్ల పెద్ద మసక వలయం అంటే 20 మి.మీ., ఫిల్టర్ చక్రం దగ్గర. ఏ గాజు తుడవాలో ఊహించనక్కర్లేదు. లైట్ ఫ్రేములో ఆ వలయం పక్కన తెల్ల అంచు, ఇంకో పక్కన నల్ల అంచు కనబడితే ఫ్లాట్ తీశాక కెమెరా తిరిగింది, లేదా ఫిల్టర్ చక్రం మళ్లీ అదే చోట ఆగలేదు.

చదును చేసే మోసం

దొరకని తప్పు ఇది. సెన్సార్ మీద పడిన కాంతిలో కొంత తిరిగి వెనక్కి పోయి, ముందున్న కరెక్టర్ లెన్సులో ప్రతిఫలించి మళ్లీ సెన్సార్ మీదకి వస్తుంది. ఫోకస్ లేకుండా, మధ్యలో ఒక మసక గుట్టలా పడుతుంది. గొట్టం లోపలి గోడల నుంచి చెదిరిన కాంతీ అంతే. ఇది కూడిక. ఏ పిక్సెల్ సున్నితత్వాన్నీ పెంచలేదు. కానీ ఫ్లాట్‌లో మాత్రం మధ్య పిక్సెళ్లు చురుకైనవన్నట్టు కనబడుతుంది.

మధ్యలో అసలు కాంతి 20,000, చెదిరిన కాంతి 1,000, అంచుల్లో చెదిరినది దాదాపు లేదు అనుకుందాం. ఈ ఫ్లాట్‌తో భాగిస్తే మధ్యలోని నక్షత్రాలన్నీ 5 శాతం, అంటే 0.05 మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగును చెప్పే కొలమానం) మసకబారతాయి. నేపథ్యం ఏమవుతుంది? రాత్రి ఆకాశపు కాంతి కూడా అదే దారిలో వచ్చి అదే గుట్టను వేస్తుంది. గుట్ట ఉన్న ఆకాశాన్ని గుట్ట ఉన్న ఫ్లాట్‌తో భాగిస్తే అద్దంలాంటి చదును వస్తుంది. చూసేవాళ్లు మురిసిపోతారు, నక్షత్రాలన్నీ తప్పుడు వెలుగుతో ఉంటాయి. అందుకే నేపథ్యాన్ని సాక్షిగా ఒప్పుకోకూడదంటున్నాను. అది నిందితుడితో కలిసి వచ్చిన సాక్షి.

ఇదే ఫలితాన్ని ఇంకో కారణమూ ఇస్తుంది. విశాల దృశ్యం చూపే లెన్సుల్లో మూలల వైపు బొమ్మ సాగుతుంది, లేదా కుంచించుకుపోతుంది. ఒక మూలలో స్కేలు రెండు దిశల్లోనూ 1 శాతం మారితే, అక్కడి పిక్సెల్ చూసే ఆకాశపు వైశాల్యం 2 శాతం మారుతుంది. ఎక్కువ ఆకాశం చూసే పిక్సెల్‌కు ఫ్లాట్‌లో ఎక్కువ కాంతి పడుతుంది. నక్షత్రం ఒక బిందువు, దానికి పిక్సెల్ వైశాల్యంతో పనిలేదు, దాని ఎలక్ట్రాన్లు ఎన్ని పిక్సెళ్ల మీద పడినా మొత్తం అంతే. ఫ్లాట్‌తో భాగించి ఆకాశాన్ని చదును చేసినప్పుడు నక్షత్రాన్ని 2 శాతం పాడుచేశాం. చిలీలోని 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోపు మీదున్న డార్క్ ఎనర్జీ కెమెరాలో ఇది సెన్సార్ లోపలే జరుగుతుంది. అందులోని 62 సైన్స్ సీసీడీలు 250 మైక్రాన్ల మందమైనవి. సిలికాన్ స్ఫటికం పెరిగినప్పుడు మిగిలిన మలినాల తేడాల వల్ల లోపల పక్కవాటుగా విద్యుత్ క్షేత్రాలు ఏర్పడి, ఎలక్ట్రాన్లు పక్క పిక్సెల్‌లోకి జరుగుతాయి. ఫ్లాట్‌లో చెట్టు దుంగ కోతలోని వలయాల్లా కనబడతాయి. వాటిని సున్నితత్వంలోని తేడాలనుకుని భాగిస్తే నక్షత్రాల వెలుగు చెడుతుంది. అవి నిజానికి పిక్సెళ్ల హద్దులు జరిగిన ఆనవాళ్లు.

నక్షత్రంతో పరీక్ష

చేయాల్సింది కష్టం కాదు. మరీ కిక్కిరిసిపోని నక్షత్ర గుచ్ఛం ఒకటి, ఎం67 వంటిది, మెరిడియన్ (ఉత్తర దక్షిణాలను నడినెత్తి మీదుగా కలిపే గీత) దగ్గర ఎత్తుగా ఉన్నప్పుడు ఎంచుకోండి. దృశ్యాన్ని 5×5 గళ్లుగా ఊహించుకుని, ఒక్కో గడి దూరం జరుపుతూ 25 ఫ్రేములు తీయండి. ఒకే ఫిల్టర్, ఒకే ఫోకస్. ఎక్స్‌పోజర్ 30 సెకన్లకు తగ్గకుండా ఉంటే వాతావరణపు మినుకుమినుకులు సగటవుతాయి. కొలిచే నక్షత్రాలకు లక్ష ఎలక్ట్రాన్ల చొప్పున రావాలి, అప్పుడు ఒక్కో కొలత తప్పు 0.3 శాతం. అన్నిటికంటే వెలుగైన పిక్సెల్ మాత్రం మీరు కొలిచిన సరళరేఖ హద్దులో 60 శాతం దాటకూడదు. ఎపర్చర్, అంటే నక్షత్రం వెలుగును కూడే వృత్తం, వ్యాసార్ధం నక్షత్రపు సగం ఎత్తు వెడల్పుకు మూడు నాలుగు రెట్లు పెట్టండి. మూలల్లో నక్షత్రాలు ఉబ్బుతాయి, చిన్న ఎపర్చర్ వాడితే ఫ్లాట్ తప్పునూ లెన్సు తప్పునూ కలిపి కొలిచినట్టవుతుంది.

ఇప్పుడు ప్రతి కొలతనూ మూడు భాగాల మొత్తంగా రాయండి: ఆ నక్షత్రపు సొంత మాగ్నిట్యూడ్, ఆ ఫ్రేము జీరో పాయింట్ (ఫ్రేము అంతటికీ ఒకేలా వర్తించే స్థాయి), సెన్సార్ మీద చోటును బట్టి మారే సవరణ. సవరణను రెండో లేదా మూడో ఘాతపు బహుపదిగా తీసుకుని, దాని సగటు సున్నా అని షరతు పెట్టి, కనిష్ఠ వర్గాల పద్ధతిలో అన్నిటినీ ఒకేసారి సాధించండి. 50 నక్షత్రాలు, 25 ఫ్రేములు ఉంటే వెయ్యికి పైగా కొలతలు, వందలోపు తెలియని రాశులు. పల్చని మబ్బు వచ్చి పోయినా ఫ్రేము అంతటినీ ఒకేలా కప్పినంత వరకు జీరో పాయింటు దాన్ని మింగేస్తుంది. కేటలాగుతో పనే లేదు, నక్షత్రాన్ని దానితోనే పోలుస్తున్నాం. సవరణ ధనాత్మకంగా వచ్చిన చోట నక్షత్రం మసకగా కనబడింది, అంటే ఫ్లాట్ అక్కడ ఎక్కువ చూపిస్తోంది. సవరణను -0.4తో గుణించి, దాన్ని 10కి ఘాతంగా వేసి, వచ్చినదాంతో ఫ్లాట్‌ను గుణించండి. గుర్తు తారుమారు చేయడం ఇక్కడ మామూలే. సరిదిద్దిన ఫ్లాట్‌తో లెక్క మళ్లీ నడపండి. తప్పు రెట్టింపైతే గుర్తు తప్పిందని తెలిసిపోతుంది.

స్లోన్ డిజిటల్ స్కై సర్వే ఇదే ఊహను తాను చూసిన ఆకాశం అంతటికీ పరిచింది. ఒకదాని మీద ఒకటి పడిన భాగాల్లో ఒకే నక్షత్రానికి వచ్చిన కొలతలను కలిపి సాధించి, 2008లో నాలుగు ఫిల్టర్లలో 1 శాతం, అతినీలలోహిత ఫిల్టర్‌లో 2 శాతం ఖచ్చితత్వానికి చేరింది. రూబిన్ వేధశాల కెమెరాలో 189 సెన్సార్లు, ఒక్కోదానికి 16 చొప్పున 3,024 యాంప్లిఫయర్లు, ప్రతిదానికీ తన గెయిన్ ఉంది. అక్కడ కూడా చివరి మాట నక్షత్రాలదే.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. గ్రహ సంక్రమణం, అంటే గ్రహం తన నక్షత్రానికి అడ్డొచ్చే ఘటన, కొలిచేవాళ్లు లక్ష్య నక్షత్రాన్నీ పోలిక నక్షత్రాలనూ రాత్రంతా అవే పిక్సెళ్ల మీద నిలబెడతారు. ఫ్లాట్‌లో 5 శాతం తప్పు ఉన్నా అది రాత్రంతా అదే తప్పు, నిష్పత్తిలో పోతుంది. గైడింగు, అంటే నక్షత్రాన్ని వెంబడించడంలో తప్పు, రెండు మూడు పిక్సెళ్ల లోపు ఉన్నంత వరకు ఈ మాట నిజం. అలాంటి పనికి డిథర్ కూడా చేయకూడదు, ఇంతకుముందు నేను వేసిన ఓటు లోతైన బొమ్మలకే. కానీ జర్మన్ ఈక్వటోరియల్ మౌంటు, అంటే టెలిస్కోపును మోసి తిప్పే పీఠాల్లో ఒక రకం, మెరిడియన్ దాటగానే తిరగబడుతుంది. బొమ్మ 180 డిగ్రీలు తిరిగి, ఎడమ మూలలోని నక్షత్రం కుడి మూలకు చేరుతుంది. కాంతి వక్రరేఖలో సరిగ్గా ఆ క్షణాన ఒక మెట్టు కనబడుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో నొక్కేసి ముందుకు పోయేవాళ్లు ఎక్కువ. ఆ మెట్టు ఎత్తు ఆ రెండు చోట్ల మధ్య ఫ్లాట్ తప్పుకు అడగకుండా అందిన కొలత. 1 శాతం సంక్రమణం వెతుకుతుంటే 0.8 శాతం మెట్టును దాచుకోవడం తెలివైన పని కాదు.

ఒక కూడిక ఇంకా మిగిలింది. వెనుక వైపు నుంచి కాంతి పడేలా పల్చగా చేసిన సీసీడీలతో ఇన్‌ఫ్రారెడ్ దగ్గరి ఫిల్టర్లలో తీసినప్పుడు చమురు పొరలాంటి గీతలు పడతాయి. పై వాతావరణంలోని హైడ్రాక్సిల్ అనే అణువులు ఇచ్చే సన్నని వర్ణరేఖలు సిలికాన్ పొరలో ముందుకూ వెనక్కూ ప్రతిఫలించి వేసే గీతలు ఇవి. తెల్లకాంతి ఫ్లాట్‌లో ఇవి దాదాపు కనబడవు. వాటిని తీసివేయాలి గానీ భాగించకూడదు. వేర్వేరు ఖాళీ ఆకాశాల రాత్రి ఫ్రేముల మధ్యగతంతో గీతల పటం తయారుచేసి, ప్రతి ఫ్రేముకూ తగిన పాళ్లలో తగ్గించి తీసేస్తారు.

నక్షత్ర పరీక్షను ఎంత తరచుగా చేయాలన్నది టెలిస్కోపులో ఏం మారిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ధూళి పడితే మామూలు ఫ్లాట్ చాలు, సవరణ పటం పాతదే పనిచేస్తుంది, ఎందుకంటే అది చెదిరిన కాంతిదీ లెన్సు వంపుదీ. కరెక్టర్, ఫిల్టర్, గొట్టం లోపలి నల్లరంగు, సెన్సార్ దూరం, వీటిలో ఏది మారినా పటం మళ్లీ తీయాలి. ఒక్కో ఫిల్టరుకు ఒక పటం తప్పనిసరి, ఎందుకంటే ఫిల్టర్ ప్రతిఫలించే తీరు రంగును బట్టి మారుతుంది. పటం తీసిన తేదీ, కెమెరా కోణం, ఫిల్టర్ పేరు, గెయిన్ సెట్టింగు ఫైలు హెడర్‌లో రాసి పెట్టండి. సరిదిద్దిన ఫ్లాట్‌తో మళ్లీ 25 ఫ్రేముల పరీక్ష చేసినప్పుడు మిగిలిన చెదురు 0.3 శాతం దగ్గర, అంటే నక్షత్రాల ఫోటాన్ నాయిస్ దగ్గర ఆగితే, ఆ ఫిల్టర్ పని అయిపోయినట్టే, తర్వాతి ఫిల్టర్ పెట్టుకోవచ్చు.